1150 నంబరు మల్లేశ్వరి

తప్పు నాది. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మా కంపెనీలో ఈ మాట ఇంకెవరూ అనరు.

చీరాలలో ఒక చేనేత సంఘం తన సభ్యుల కోసం మా కంపెనీతో మెసేజ్ యాప్ చేయించుకుంది. రాసింది నేనే, ఉదయశ్రీని. ఎవరినైనా పిలవాలంటే @ గుర్తు పెట్టి సభ్యత్వ నంబరు కొడితే చాలు, వాళ్ల ఫోను ఈల వేస్తుంది. @ పక్కన అంకెలుంటే అది మనిషి. యాప్ మనిషిని గుర్తుపట్టడానికి నేను రాసిన ప్యాటర్న్ అదే, ఒక్క లైను కోడ్. రాసిన రోజు భుజాలు చరుచుకున్నాను.

ఆర్డర్లు పెట్టడానికి చీరల షాపులవాళ్లూ ఆ గ్రూపులో ఉంటారు, వాళ్లు రేటుకీ అదే గుర్తు వాడతారు. మా నాన్న కట్టే చీరల మూటల చీటీల మీద చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే, అయినా నా మట్టిబుర్రకు తట్టలేదు. "20 చీరలు @1150" అని గుంటూరు షాపతను పెట్టగానే 1150 నంబరు సభ్యురాలు మల్లేశ్వరి ఫోను ఈల వేసేది. ఆ సీజన్‌లో రేటు అదే మరి. మగ్గం గుంటలోంచి లేచి లేచి విసిగిపోయి ఆవిడ ఫోను సైలెంట్‌లో పెట్టింది. సంఘం పెళ్లి ఆర్డరు కోసం నిజంగా పిలిచిన రోజు వినపడలేదు. గంటలో జవాబివ్వకపోతే ఆర్డరు ఇంకొకరికి పోతుంది. అలా రెండుసార్లు పోయింది.

ఫిర్యాదు విని నేను చీరాల వెళ్తే, సంఘం ఆఫీసులో అధ్యక్షుడు భావనారాయణ గారు తేల్చేశారు. "అమ్మా మల్లేశ్వరీ, నీకు వేరే నంబరిస్తాం. గొడవ వదిలిపోద్ది."

స్పీకర్‌లో ఉన్న మా బాస్ ప్రసన్నకుమార్ "రెండు నిమిషాల పని. మార్చెయ్, ఉదయశ్రీ" అన్నాడు.

"నేనొప్పుకోను," అంది మల్లేశ్వరి. "మా ఆయన పోయాక మరిది నంబరు కింద నేసుకోమన్నది మీరే. నా పేరున నంబరు కావాలని మూడేళ్లు ఈ మెట్లెక్కాను. ఇప్పుడు ఫోను ఈల వేస్తోందని ఇచ్చేస్తానా?"

"నంబరులో ఏముందమ్మా?"

ఆవిడ తన ఫోను తీసి గ్రూపులో కొట్టింది: "సంఘం మీటింగ్ @11 గంటలకు."

అధ్యక్షుడి జేబులో ఈల మోగింది. ఆయన సభ్యత్వ నంబరు పదకొండు.

"అయితే మీరూ మార్చుకోండి," అంది.

"అది మా తాతగారి నంబరు!" ఆయన లేచి నిలబడ్డారు.

"ఇది నాదండి."

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. "సార్, ఎవరి నంబరూ మార్చను. మారాల్సింది నా ప్యాటర్న్" అని బాస్ ఇంకా మాట్లాడుతుండగానే ఫోను పెట్టేశాను. భయం వేసింది, హాయిగానూ ఉంది.

మొదటి రోజు, @కు ముందు ఏ అంకె ఉన్నా రేటేనని రాశాను. ఈలలు ఆగాయి. మల్లేశ్వరి ఇంటికెళ్లి, ఫోను సైలెంట్ తీయించి, "రేపు 10కి @1150 ఆఫీసుకు రావాలి" అని పెట్టి చూస్తే అదీ మోగలేదు. నిజమైన పిలుపునే మింగేశాను! రెండో రోజంతా పాత మెసేజులు చదివాను. @కు ముందు చీరలో పంచెలో లెక్కతో ఉంటే రేటు. తర్వాత గంటలని ఉంటే టైము. మిగిలింది మనిషి.

"ఒక్క మనిషి కోసం రెండు రోజులా?" అన్నాడు బాస్.

"అవును సార్. ఒక్క మనిషి కోసమే."

మూడో రోజు మళ్లీ మల్లేశ్వరి మగ్గం పక్కనే కూర్చున్నాను. గుంటూరు షాపతను రేటు పెట్టాడు, ఫోను పలకలేదు. ఇంకోటి పెట్టాడు, పలకలేదు. మధ్యాహ్నం ఈల మోగింది. సంఘం గుమాస్తా కోటేష్ రాశాడు: "@1150 పెళ్లి చీరలు ఆరు, అర్జంటు. నేస్తారా?"

"పిన్నీ, ఆర్డరు!" ఎగిరి గంతేశాను.

ఆవిడ తొక్కుడు చెక్కల మీద నుంచి కాలు తియ్యలేదు. "గంట టైముందిగా. ఈ పువ్వు పూర్తవనీ."

పువ్వు పూర్తయింది. చేతులు తుడుచుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, సంఘమంతా చూసేలా గ్రూపులోనే కొట్టింది:

"నేస్తాను. మల్లేశ్వరి, 1150 నంబరు."