తెరకు అందని కబురు

మున్జీ సన్నటి గొట్టాన్ని బొటనవేలితో నొక్కి పట్టాడు. మందు ఆగిపోయింది. తెర మీది అంకె మాత్రం పచ్చగా అలాగే ఉంది. ఎర్రబడాలి. ఎర్రబడలేదు.

"ఇమ్తినాన్ పనే ఇది," అన్నాడు.

స్ఫాక్స్ నగరంలోని ఆ చిన్న కంపెనీ ఆసుపత్రులకు సిరంజి పంపులు తయారుచేస్తుంది. రోగి నరంలోకి మందును కొద్దికొద్దిగా ఎక్కించే యంత్రాలవి. లోపల పీడనం కొలిచే కోడు మున్జీది. కంపైల్ చేసి, అంటే యంత్రానికి అర్థమయ్యే భాషలోకి మార్చి, లోపలికి ఎక్కించాక దాని ముఖం ఎవరూ చూడరు. తెర ఇమ్తినాన్‌ది. ఈ అంకె ఇక్కడ ఉంటుంది, పీడనం హద్దు దాటితే ఎర్రగా ఉంటుంది అని ఆమె రాసి పెడుతుంది, అంతే. తెర తనంతట తాను వెళ్లి అడగదు. విలువ మారిందని మున్జీ రాసిన కింది కోడు కబురు పంపితేనే అంకె మారుతుంది.

ఆ ఆఫీసులో రెండు కట్టుబాట్లున్నాయి. రెండూ మున్జీ పెట్టినవే. తెర రాసేవాళ్లు కింది ఫైళ్లు తెరవకూడదు. తప్పు దొరికితే, కారణమైన వాళ్ల పేరు కాగితం మీద రాసి తలుపుకు అంటించాలి. మూడుసార్లు పేరెక్కితే ఉద్యోగం పోతుంది. ఇమ్తినాన్ పేరు అప్పటికే రెండుసార్లు ఎక్కింది.

"అంకెను మీ విలువకు కట్టిన ముడి నా వైపు సరిగ్గానే ఉంది, సీ మున్జీ," అంది ఆమె, పేరుకు ముందు మర్యాదగా 'సీ' చేర్చి. "మీ నుంచి కబురే రావట్లేదేమో. ఒక్కసారి చూడండి."

"ఇరవై రెండేళ్లుగా రాస్తున్నా. నాకు నేర్పుతావా? బొమ్మలేసే పిల్లవి, బొమ్మలేసుకో."

యంత్రాలను పరీక్షించే ఫెర్జానీ నవ్వాడు. "ఎర్ర రంగు ఏ కొట్లో దొరుకుతుందో తెలీదేమో పాపం!"

ఇమ్తినాన్ అతని వైపు చూడలేదు. "మీ ఫైలు తెరవనివ్వండి. రెండు నిమిషాల్లో చెప్తాను."

"కుదరదు."

మున్జీ కాగితం మీద మూడోసారి ఆమె పేరు రాశాడు. యజమాని నౌఫల్ చదవకుండానే సంతకం పెట్టాడు. ఇమ్తినాన్ తన టీ గ్లాసు, స్వెట్టరు సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. అది శుక్రవారం.

శనివారం ఉదయం మున్జీ ఒక్కడే వచ్చి ఆమె తెరను మొదటి నుంచి తిరగరాశాడు. గొట్టం నొక్కాడు. పచ్చ. ఇంకా గట్టిగా నొక్కాడు. వేలు పాలిపోయింది. తెర పచ్చగానే ఉంది.

అప్పుడు తన ఫైలు తెరిచాడు.

విలువ మార్చడానికి అతనే ఒక దారి పెట్టాడు. ఆ దారిన వెళ్తేనే తెరకు కబురు పోతుంది. కానీ పీడనం ఒక్కసారిగా ఎగిసే చోట, ఆలస్యం కాకూడదని, ఆ దారి తప్పించి విలువను నేరుగా రాసేశాడు. తన చేత్తోనే. యంత్రానికి లోపల తెలుసు. తెరకు ఎవరూ చెప్పలేదు.

భార్య జొహ్రా పోయి నాలుగేళ్లు. ఆమె మంచం పక్కన కూడా ఇలాంటి పంపే ఉండేది. తెర పచ్చగా ఉండగానే, మందు నరంలోకి పోక చెయ్యి వాచింది. నర్సు కన్నెత్తి చూడలేదని ఫిర్యాదు రాసి, ఆమెను వేరే ఊరికి బదిలీ చేయించాడు మున్జీ. ఆ నర్సు చూసే ఉంటుందని ఇవాళ మొదటిసారి తోచింది. ఆమెకు కనిపించింది పచ్చ రంగే.

నౌఫల్‌ను ఇంటి నుంచి పిలిపించి, తప్పు తన కోడులోదని, సరిచేశానని చెప్పాడు.

"సరిచేశావుగా, ఇంకేం?" అన్నాడు నౌఫల్. "పిల్ల ఎటూ పోయింది. ఆ కాగితం అలాగే ఉండనీ. తలుపు మీద పెద్ద ఇంజనీరు పేరు కనిపిస్తే ఆసుపత్రి వాళ్లు మన యంత్రాన్ని ముట్టుకుంటారా?"

"ముట్టుకోకపోతే మానేయనీ."

"పెళ్లాం పోయినప్పటి నుంచి నీకు మనుషులతో మాట్లాడ్డమే రాదు."

మున్జీ తలుపు దగ్గరికి వెళ్లాడు. కాగితం మీద ఇమ్తినాన్ పేరు కొట్టేసి తన పేరు రాశాడు. తర్వాత ఆమెకు ఫోన్ చేశాడు.

"తప్పు నాది."

"తెలుసు," అంది ఇమ్తినాన్. "శుక్రవారమే తెలుసు. మీకు చెప్పాను కూడా."

"చెప్పావు."

"మా నాన్న ముందు తలెత్తుకోలేకపోయాను, సీ మున్జీ."

"సోమవారం రా," అన్నాడు.

"వస్తాను. కానీ మీ ఫైళ్లు తెరుస్తాను. అన్నీ."

ఇన్నేళ్లలో వాటిని ఇంకొకరు చదివింది లేదు.

"తెరువు."

సోమవారం ఆమె వచ్చింది. అతనికి సలాం చెప్పలేదు. కుర్చీ లాక్కుని అతని కోడు ముందు కూర్చుంది. మధ్యాహ్నం దాకా చదివింది.

"ఇక్కడా ఇంతే చేశారు," అంది, వేలు కంప్యూటరు తెర మీద పెట్టి. "కబురు లేదు. కింద ఇంకోటి కూడా ఉంది."

ఫెర్జానీ తన కాఫీ తీసుకుని బయటికి వెళ్లిపోయాడు. మున్జీ సొరుగులోంచి కొత్త కాగితం తీసి, పైన తన పేరు రాశాడు.

"లైను నంబరు చెప్పు," అన్నాడు.