పెయింట్ డబ్బాలో సీసా

నాలుగు రోజులుగా దవడలు తీగలతో బిగించి ఉన్న బస్సు డ్రైవరు, రోజూ సగం సీసా తాగుతానని డాక్టరుకు స్వయంగా నోటితో చెప్పినట్టు రికార్డులో చదివి కోడర్ అక్కడే ఆగింది.

ఆసుపత్రి కింది అంతస్తులో, కిటికీ లేని గదిలో ఆమె ఉద్యోగం. డాక్టర్లు రాసిన జబ్బులకు సరైన కోడ్ వేసి పైకి పంపాలి. ఈ డ్రైవరు మెట్ల మీద జారిపడి దవడ విరగ్గొట్టుకున్నాడు. దాని కోడ్ చిటికెలో వేసేసింది. చిక్కంతా రెండో దానితోనే. మద్యానికి బానిస! ఆ మాట డిశ్చార్జి కాగితం ఎక్కిందంటే బస్సు కంపెనీ వాళ్లు అతన్ని స్టీరింగ్ దరిదాపులకు రానివ్వరు. డిశ్చార్జి ఇవాళ సాయంత్రమే.

"తీసేయవే, పీడా పోతుంది," అంది పక్క కుర్చీలోని సీనియర్.

"డాక్టరు రాసింది తీసేయడానికి నేనెవర్నక్కా? ఆయన్నే అడగాలి."

మళ్లీ చదివింది. పొద్దున్నే చేతులు వణుకుతాయట. సీసాను ఇంట్లోవాళ్లకు కనపడకుండా పెయింట్ డబ్బాలో దాస్తాడట. మానేద్దామని చూసి రెండుసార్లు ఓడిపోయాడట. నర్సుల చార్టు తిప్పింది. వణుకు లేదు, చెమట లేదు. వచ్చిన దగ్గర్నుంచి మనిషి హాయిగా నిద్రపోతున్నాడు. అయినా బస్సు డ్రైవరుకు పెయింట్ డబ్బాతో ఏం పని?

లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కింది. వార్డు గుమ్మంలోనే కుర్ర డాక్టరు దొరికాడు.

"సార్, నోరు తెరవలేని మనిషి మీకింత కథ ఎలా చెప్పాడు?"

డాక్టరు చేతిలో పెన్ను ఆగిపోయింది. "అయ్యో! చెప్పింది ఆయన కాదండీ, ఆయన బావమరిది. పేషెంటు చెప్పినట్టు రాసేశానా? ఎంత వివరంగా చెప్పాడనుకున్నారు! నేను అడగనివి కూడా చెప్పాడు. మధ్యలో కళ్లు తుడుచుకున్నాడు కూడా."

"ఎవరి కళ్లు?"

"తనవే," అన్నాడు డాక్టరు. మరుక్షణం ఇద్దరూ మంచం వైపు నడిచారు.

డ్రైవరు దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. డాక్టరు సంగతి చెప్పగానే కళ్లు పెద్దవి చేసి, ఒళ్లోని పలక మీద గబగబా రాసి చూపించాడు. 'సోడా తాగినా నాకు పడదు.' దాన్ని తుడిచేసి మళ్లీ రాశాడు. 'పెయింటరు వీడు!' సుద్దముక్కతో పక్క స్టూలు వైపు చూపించాడు.

గోళ్ల సందుల్లో తెల్లరంగు ఆరిపోయిన బావమరిది అప్పటికే ఫ్లాస్కు పట్టుకుని లేచాడు. "బావా, వేడినీళ్లు తెస్తా..."

"నీళ్లు ఎక్కడికీ పోవు, కూర్చోవయ్యా," అన్నాడు డాక్టరు.

కూర్చున్నాడు. ఫ్లాస్కు మూత వేళ్ల మధ్య టకటకలాడింది. వణుకు ఎవరిదో కోడర్‌కు ఇక ఏ చార్టూ చూడక్కర్లేకపోయింది.

"నావే సార్. అన్నీ నావే. మీరు బావ బరువు అడిగారు, చెప్పాను. ఎత్తు అడిగారు, చెప్పాను. రోజుకెంత తాగుతాడన్నారు. అస్సలు తాగడనే చెప్పబోయాను, ఒట్టు! కానీ మీరు ముఖం చిట్లించకుండా, అన్నం తిన్నావా అన్నట్టు అడిగారు. నన్నెవరూ అలా అడగలేదు సార్. మా అక్క అడిగితే చేతిలో గరిటె ఉంటుంది. సగం సీసా అని నోట్లోంచి జారిపోయింది. వణుకుతాయా అన్నారు. వణుకుతాయి కదా మరి! ఇంక ఆగలేకపోయాను. మీరేమైనా మాత్రలు రాస్తే బావ పేరు మీద నేను మింగుదామనుకున్నా. బావ ఎలాగూ నోరు తెరవలేడు కదా! నీ ఉద్యోగానికి ఎసరొస్తుందని తెలీదు బావా, ఆ పలకతో కొట్టకు. సార్, అవన్నీ ఆయన కాగితంలోంచి తీసి నా పేరు మీద రాసుకోండి. బరువు మాత్రం బావదే. నాది మళ్లీ చూసుకోండి."