పదకొండు వేల డిట్టోలు

ఆఫీసులో అతన్ని అందరూ డిట్టో అంటారు. ఆ పేరు వెనక ఒక కథ ఉంది. అది చెప్పుకుని మురిసిపోయే కథేమీ కాదు. అయినా మూడేళ్లుగా ఎవరు పిలిచినా పలుకుతూనే ఉన్నాడు.

అతనిది ఆర్థిక శాఖ కార్యాలయంలో ఆస్తుల విభాగం. విభాగం అన్నాను గదాని పెద్దగా ఊహించుకోకండి. రెండు బల్లలు, ఒక బీరువా, డిట్టో. అంతే. జిల్లాలో ప్రభుత్వం కొన్న ప్రతి వస్తువూ, కుర్చీ మొదలుకుని రోడ్డు రోలరు దాకా, అతని రిజిస్టరులో ఉండాలి. నాలుగేళ్ల కిందటి దాకా అసలు ఆ రిజిస్టరే లేదు. అప్పుడొచ్చింది పనితీరు మదింపు. బయటి నుంచి నలుగురు మనుషులు దిగి, బడ్జెట్టులో రాసుకున్నట్టే ఖర్చు పెడుతున్నారా, ఆడిటు చెప్పిన మాట ఎవరైనా వింటున్నారా, ప్రజల సొమ్ముతో కొన్నవి ఎక్కడున్నాయో ఎవరికైనా తెలుసా అని బోలెడు ప్రశ్నలు వేశారు. ఒక్కోదానికి ఏ నుంచి డి దాకా ఒక అక్షరం ఇచ్చి వెళ్లిపోయారు. వస్తువుల ప్రశ్నకి డి వచ్చింది.

పెద్దసారు కుతకుతలాడిపోయారు. పెద్దసారంటే ఆ కార్యాలయానికి అధిపతి. చదువుకునే రోజుల్లో తనకి ఏనాడూ రెండో ర్యాంకు రాలేదని ప్రతి మీటింగులోనూ చెబుతారు, ఎవరూ అడక్కపోయినా. అలాంటి మనిషికి డి. వెంటనే సంస్కరణ ప్రణాళిక రాయించారు. నలభై పేజీలు. అన్ని పేజీల సారాంశం ఒకటే, వచ్చే మదింపులో డి కాస్తా బి కావాలి. వస్తువులేం కావాలో అందులో ఎక్కడా లేదు.

బి రావాలంటే ప్రతి వస్తువుకీ వయసు, వాడుక అని రెండు గడులు నిండాలిట. మొత్తం పదకొండు వేల నాలుగు వందల అరవై నాలుగు వస్తువులు. గడువు ఐదు రోజులు. డిట్టో పాత బిల్లులు తిరగేసి వయసులు వేశాడు. వాడుక గడి దగ్గరికొచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. "వాడుకలో లేదు" అని రాశామా, ఆ వస్తువుకి పన్నెండో నంబరు ఫారం నింపాలి, ముగ్గురు అధికారులు సంతకాలు పెట్టాలి, ఆ ముగ్గురూ ఒకేరోజు ఊళ్లో ఉండాలి. అలా జరిగిన దాఖలా ఆ ఆఫీసులో లేదు. "వాడుకలో ఉంది" అని రాస్తే ఎవరి సంతకమూ అక్కర్లేదు.

రిజిస్టరులో మొదటి వరుస అతను కూర్చున్న కుర్చీది. ఒకసారి కిందికి చూసుకున్నాడు. కుర్చీ వాడుకలోనే ఉంది. "వాడుకలో ఉంది" అని గుండ్రటి అక్షరాల్లో రాశాడు. రెండో వరుసలో, పైన ఉన్నదే ఇక్కడా అనే డిట్టో గుర్తు పెట్టాడు. మూడో వరుసలోనూ అదే. మధ్యాహ్నానికి చెయ్యి దానంతటదే నడవడం మొదలెట్టింది. ఐదో రోజు సాయంత్రం ఆఖరి పేజీ ఆఖరి వరుసలో ఆఖరి డిట్టో పడింది. పెద్దసారు రిజిస్టరు తిరగేసి, "శభాష్, ఇదీ సంస్కరణంటే" అన్నారు. పక్క విభాగం వాళ్లు ఆ రోజే పేరు పెట్టేశారు.

ఇహ ఇంటి సంగతి. ఇంట్లో అక్క ఉంది. కుట్టుమిషను తొక్కి తమ్ముణ్ణి చదివించింది, వాడికి ఉద్యోగమొచ్చిన రోజున ఆ మిషనుకి బొట్టుపెట్టినంత పని చేసింది. రెండేళ్ల కిందట ఆవిడ కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. వారానికి మూడు సార్లు రక్తం శుభ్రం చేయించుకోవాలి, నాలుగేసి గంటలు. ఆసుపత్రి ఇంటికి నాలుగు వీధుల అవతలే. అక్కడ ఆ పని చేసే మిషన్లూ మూడున్నాయి. మూడూ పాడై ఐదేళ్లయింది. అందుకని అక్క తెల్లారకుండా బస్సెక్కి, రెండున్నర గంటలు వెళ్లి, పెద్ద ఊళ్లో ఆ నాలుగు గంటలూ పడుకుని, మళ్లీ రెండున్నర గంటలు వెనక్కి వస్తుంది. దిగేసరికి మనిషి పిండేసిన గుడ్డలా ఉంటుంది.

బస్సులో ఆవిడకి జట్టు ఉంది. పాల దుకాణం ఆవిడ, ఒక లారీ డ్రైవరు, ఒక డ్రాయింగు మాస్టారు. నలుగురిదీ ఒకటే రోగం, ఒకటే బస్సు. మాస్టారు దారంతా పెన్సిలుతో బొమ్మలు గీస్తుంటారు. ఒకసారి అక్క నోరు తెరుచుకుని నిద్రపోతుంటే గీసి చేతిలో పెట్టారు. అక్క ఆయనతో వారం పాటు మాట్లాడలేదు. బొమ్మ మాత్రం పారెయ్యలేదు.

ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర అక్క ఒక కాగితం తెచ్చి తమ్ముడి ముందు పెట్టింది.

"ఒరేయ్, ఇది చదివి పెట్టు. హెడ్ నర్సమ్మ ఇచ్చింది. కొత్త మిషన్లు కావాలని వాళ్లు రాస్తే పైనుంచి వచ్చిన జవాబు."

డిట్టో చదివాడు. సదరు ఆసుపత్రిలో మూడు మిషన్లు ఉన్నాయనీ, మూడూ వాడుకలో ఉన్నట్టు ఆస్తుల రిజిస్టరు తెలుపుతోందనీ, కాబట్టి కొత్తవి ఇవ్వనవసరం లేదనీ, వాడుకలో ఉన్నవాటికి మరమ్మతు కూడా అనవసరమనీ అందులో ఉంది. నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది.

"ఏం రాశారు?"

"మిషన్లు వాడుతున్నారని..."

"ఎవడ్రా ఆ రాసినోడు? కళ్లున్నాయా వాడికి? వాడి చేతులు పడిపోను!"

ఆ చేతిలో అప్పుడు ముద్ద ఉంది. డిట్టో దాన్ని నోట్లో పెట్టుకోవాలో, కంచంలో పెట్టాలో తేల్చుకోలేక అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

"తిను, చల్లారిపోతోంది. నీ మీద కాదులే నా కోపం" అంది అక్క.

ఆ రాత్రి చెప్పేద్దామనుకున్నాడు. మర్నాడు చెబుదామనుకున్నాడు. మర్నాడు అక్కకి బస్సు ఉంది. ఇలా అనుకోవడంలోనే నెలన్నర గడిచింది. ఈలోగా ఫారం నింపి గడి దిద్దేద్దామనీ చూశాడు. పెద్దసారు కాగితం ముట్టుకోలేదు. "మదింపు ముందు ఒక్క గడి కదిపావా, నిన్ను కదిపేస్తాను" అన్నారు.

ఆ మదింపు రానే వచ్చింది. ఈసారి వస్తువుల పని చూడ్డానికి ఒక్క మేడమే వచ్చారు. కళ్లజోడు తాడుతో మెళ్లో వేలాడేసుకుని, ఎవరు ఏం చెప్పినా "ఊఁ" అంటూ పెన్సిలుతో రాసుకునే మనిషి. రిజిస్టరు చూశారు. బాగుందన్నారు. పదకొండు వేల వస్తువులున్న జిల్లాలో ఒక్కటీ పాడవలేదంటే ఆశ్చర్యంగా ఉందన్నారు.

"జాగ్రత్తగా వాడతామండీ" అన్నారు పెద్దసారు.

"పది వస్తువులు కళ్లతో చూడాలి" అన్నారు మేడమ్.

పెద్దసారు ఆ పదీ ముందే సిద్ధం చేసి ఉంచారు. పరిపాటి అదే. కొత్త జిరాక్సు మిషను, తుడిచిపెట్టిన జీపు, తన గది ఏసీ, ఇంకా అలాంటివి. మేడమ్ ఆ జాబితాలో తొమ్మిది చూశారు. పదోదాని మీద పెన్సిలుతో గీత కొట్టి డిట్టో వైపు తిరిగారు.

"రిజిస్టరు మీదే కదా. పదోది మీరు చెప్పండి. మీకు ఏది చూపించాలనుంటే అది."

పెద్దసారు వెనక నించి కళ్లతోనే గది ఏసీ పక్కన ఉన్న బల్లని చూపిస్తున్నారు. బల్ల అంటే బతికిపోతాడు. ఆ వేళ సోమవారం, అక్క బస్సు రోజు. ఈపాటికి పెద్ద ఊళ్లో మంచమెక్కి ఉంటుంది.

"నాలుగు వందల పదిహేడు" అన్నాడు.

"అదేంటి?"

"ఆసుపత్రిలో ఉంటుందండీ. డయాలసిస్ మిషను."

అనేశాక అతనికి తేలిగ్గా అనిపించింది. చూపిస్తే చాలు, మిగతాది మేడమే చూసుకుంటారు, తను నోరు విప్పక్కర్లేదు అనుకున్నాడు. పెద్దసారు గురించి మర్చిపోయాడు. జీపు నాలుగు మలుపులు తిరిగే లోపల పెద్దసారు ఫోనులో ఆసుపత్రికి మూడు సార్లు మాట్లాడారు, ఎలక్ట్రీషియనుకి ఒకసారి.

ఆసుపత్రి చివరి గదిలో మూడు మిషన్లూ దుప్పట్లు తీసి తుడిచి ఉన్నాయి. పైన నంబర్లు తళతళలాడుతున్నాయి. మేడమ్ నాలుగు వందల పదిహేడు దగ్గరికెళ్లారు. ఎలక్ట్రీషియను స్విచ్చి వేశాడు. పచ్చ లైటు వెలిగింది.

"నంబరు సరిపోయింది" అన్నారు మేడమ్. "లైటూ వెలుగుతోంది. ఊఁ." పెన్సిలు కాగితం మీదికి వెళ్లింది.

డిట్టో హెడ్ నర్సు వైపు చూశాడు. చెప్పమ్మా తల్లీ, నువ్వు చెప్పు అని లోపల్లోపల దణ్ణాలు పెట్టుకున్నాడు. ఆవిడకి ఈ మనిషి అక్క తెలుసు గానీ ఈ మనిషి రిజిస్టరు తెలీదు. పైగా పెద్ద డాక్టరు ఆవిడని కూడా నోరెత్తొద్దని చెప్పి పంపారు. ఆవిడ మిషను గురించి ఒక్క మాటా అనలేదు. పలకరింపుగా ఇంత మాత్రం అడిగింది.

"మీ అక్క ఇవాళ బస్సుకి వెళ్లిందా?"

డిట్టో మేడమ్ చేతిలో పెన్సిలు వైపు చూశాడు.

"వెళ్లిందమ్మా" అన్నాడు. "ఇది పనిచెయ్యదు కాబట్టి వెళ్లింది. లైటొక్కటే వెలుగుతుంది మేడమ్. పంపు బిగుసుకుపోయి ఐదేళ్లయింది. మూడూ అంతే."

"రిజిస్టరులో వాడుకలో ఉందని రాసిందెవరు?"

"నేనే."

"చూసి రాశారా?"

"మొదటి వరుస చూసి రాశానండీ. తక్కినవన్నీ డిట్టోలు."

"మొదటి వరుసలో ఏముంది?"

"నా కుర్చీ."

మేడమ్ "ఊఁ" అనలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పెద్దసారు గబగబా ముందుకొచ్చి, ఇది చిన్న పొరపాటనీ, ఒక్క మిషను కోసం జిల్లా గ్రేడు పాడుచెయ్యొద్దనీ, సిబ్బంది ఎంతో కష్టపడ్డారనీ చెప్పుకుపోయారు.

"సార్, థర్మామీటర్ని చన్నీళ్లలో ముంచి, జ్వరం తగ్గిందంటే ఎలా?" అన్నారు మేడమ్. "జ్వరం ఎంతుందో తెలిస్తే కదా మందెక్కడ వెయ్యాలో తెలిసేది."

డి వచ్చింది. మళ్లీ.

మూడో రోజున డిట్టోకి నోటీసు అందింది. మదింపు సమయంలో అడగని సమాచారం ఇచ్చినందుకు సంజాయిషీ ఇవ్వవలసిందిగా. అతను జవాబు ఒక్క మాటలో రాసిచ్చాడు: "అడిగారు."

దానికంటే కష్టమైన సంజాయిషీ ఇంట్లో ఇచ్చుకున్నాడు. అక్క బస్సు దిగి వచ్చి మంచం మీద వాలాక, కాళ్ల దగ్గర కూర్చుని మొత్తం చెప్పాడు. కుర్చీతో సహా. అక్క గోడ వైపు తిరిగి పడుకుంది. నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు పొద్దున బస్సుకి సంచి సర్దుకుంటూ అంది.

"ఆ తిట్టు వెనక్కి తీసుకోను. చేతులు మాత్రం ఉండనీ. పనుంది వాటితో."

పనుంది మరి. రాజధానిలో సంస్కరణల మీటింగు పెట్టి, ఈసారి పనులు డి వచ్చిన చోట్ల నుంచే మొదలుపెట్టాలన్నారు. పన్నెండో నంబరు ఫారానికి మూడు సంతకాలు పోయి ఒకటి మిగిలింది. ఈ కార్యాలయానికి ఇద్దరు మనుషుల్నీ ఒక జీపునీ ఇచ్చారు, ప్రతి వస్తువునీ వెళ్లి చూసి రాయమని. జీపు రాగానే పెద్దసారు స్వరం మారింది. డి తెచ్చుకోవడం అందరి వల్లా అవుతుందా అని మీటింగుల్లో అంటున్నారు. డిట్టో ఎనిమిది నెలలు జిల్లా అంతా తిరిగాడు. మూడు వేల తొమ్మిది వందల చోట్ల "వాడుకలో లేదు" అని పూర్తిగా రాశాడు, డిట్టో పెట్టకుండా. అందులో మొట్టమొదటిది నాలుగు వందల పదిహేడు. ఆసుపత్రి వాళ్ల పాత అర్జీ ఈసారి వెనక్కి రాలేదు.

మదింపు అయిన పదకొండో నెలలో రెండు కొత్త మిషన్లు వచ్చాయి.

మొదటి రోజు అక్క తొమ్మిదింటికి తీరిగ్గా నడిచి వచ్చి మంచమెక్కింది. గొట్టాలు పెట్టారు. మిషను తిరగడం మొదలెట్టింది. డిట్టో రిజిస్టరు చంకన పెట్టుకుని పక్కనే నిలబడ్డాడు. పంపు చుట్టూ ఎర్రగా తిరుగుతున్న రక్తాన్ని చాలాసేపు చూశాడు. అక్క తలగడ కింద సంచిలోంచి మాస్టారి బొమ్మ అంచు కనిపిస్తోంది.

"బస్సు జట్టుకి కబురు చెప్పావా అక్కా?"

"పాలావిడ రేపొస్తుంది. డ్రైవరు ఎల్లుండి."

"మాస్టారు?"

అక్క పైకప్పు వైపు చూసింది.

"నాలుగు నెలల కిందటే పోయాడ్రా. బస్సులోనే. వెనక్కొచ్చేప్పుడు, నా పక్క సీట్లో. నిద్రపోతున్నాడనుకున్నాం. నువ్వు జీపేసుకుని ఊళ్లు తిరుగుతున్నావని చెప్పలేదు."

ఐదేళ్లు పాడైపడున్న మిషన్లూ, ఐదు రోజుల గడువూ, నెలన్నర పాటు రేపు రేపు అనుకున్న రాత్రులూ, అన్నీ డిట్టోకి లెక్కకొచ్చాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏడవకు. రాసుకోవడానికొచ్చావుగా, రాసుకో" అంది అక్క.

బల్ల మీద రిజిస్టరు తెరిచాడు. కొత్త మిషను, నంబరు పదకొండు వేల నాలుగు వందల అరవై ఐదు. వయసు, ఒక రోజు. వాడుక గడిలో "వాడుకలో ఉంది" అని రాశాడు. దాని కింద వరుసలో, పక్క గదిలో పెట్టిన రెండో మిషను. అలవాటైన చెయ్యి డిట్టో పెట్టబోయింది. ఆగాడు.

పెన్ను మూత పెట్టి జేబులో వేసుకుని, పక్క గదిలోకి చూడ్డానికి వెళ్లాడు.