అయిదు హుక్కులు

మస్తాన్ బీ వేడినీళ్ల గిన్నెలోంచి చేతులు తీసి గుప్పిట బిగించి చూసుకుంది. వేళ్లు ముడుచుకున్నాయి. హమ్మయ్య అనుకుంది. పక్కింటి అనసూయమ్మ మోకాళ్లనొప్పికి వాడే బిళ్ల కూడా అడిగి తెచ్చి వేసేసుకుంది. పెళ్లివారు వస్తున్నారంటే ఇల్లు సర్దుకున్నట్టు, డాక్టరు చూస్తుందని చేతులు సర్దుకుంది పిచ్చితల్లి.

రేపల్లెలో ఆ వీధి జాకెట్లకు హుక్కులు, చీరాల చీరలకు ఫాల్సు ఆమె చేత్తో పడాల్సిందే. సూది పట్టలేకపోతే ఎలా బతకాలో ఆమెకు తెలియదు. అంతకన్నా పెద్ద భయం, బాపట్లలో పోయిన తల్లిలా అయిపోతానేమోనని. చివరి పదేళ్లూ ఆవిడ వేళ్లు ఓ పక్కకు వంగిపోయి, అన్నం ముద్ద కూడా కూతురే నోట్లో పెట్టాల్సివచ్చింది. ఆవిడకూ మొదట పొద్దుటిపూటే వేళ్లు బిగుసుకునేవి. ఆ సంగతి చెబితేనే కదా డాక్టరు ఆ జబ్బు పేరెత్తేది, చెప్పకపోతే సరి, అని మస్తాన్ బీ ధీమా. ధీమా పైకే.

సాయంత్రానికి భార్యాభర్తలు తెనాలి చేరారు. నజీరుద్దీన్ రైల్లో దారంతా ఆమె చేతులకేసే చూస్తూ కూర్చున్నాడు.

డాక్టర్ కీర్తన ఆమె వేళ్ల కణుపులు ఒక్కొక్కటే నొక్కి చూసింది. నొప్పి కాస్త కలుక్కుమన్నా మస్తాన్ బీ పళ్ల బిగువున ఓర్చుకుంది. పొద్దున లేచాక ఎంతసేపు బిగుసుకుని ఉంటాయని డాక్టరు అడిగింది.

"పది నిమిషాలండి."

అయితే అరుగుదల కావచ్చంది డాక్టరు. కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. రెండు ఎముకలు కలిసేచోట నున్నటి మెత్త ఉంటుంది, వయసుతో అది అరుగుతుంది. అనసూయమ్మ మోకాళ్లలాగా అనుకుంది మస్తాన్ బీ. కీలు చుట్టూ పల్చటి పొర ఒకటి ఉండి జిగురు ఊరిస్తుంది. ఇంకో రకం వాతంలో, రోగాలతో పోరాడాల్సిన మన ఒంటి శక్తే పొరపాటున ఆ పొరమీద పడుతుంది. అలాంటప్పుడు వేళ్లు పొద్దున గంటల తరబడి బిగుసుకుంటాయి. తొందరగా పట్టుకుంటే మందులతో అదుపులో పెట్టవచ్చు, ఆలస్యమైతే వేళ్లు వంకర పోతాయి. మీకు ఆ లక్షణం లేదు కదా అని మందు రాయసాగింది.

మస్తాన్ బీకి తల్లి వేళ్లు కళ్లముందు మెదిలాయి. అమ్మను ఎవరూ తొందరగా తీసుకెళ్లలేదు. అయినా మందు చీటీకోసం చెయ్యి చాపబోయింది.

"పది నిమిషాలు కాదమ్మా," అన్నాడు నజీరుద్దీన్, టోపీ చేతుల్లో నలుపుతూ. "మూడు నెలల నుంచి దీని జాకెట్టు హుక్కులు నేనే పెడుతున్నా."

పరాయి మనిషి ముందు ఆ మాట అనేసరికి మస్తాన్ బీ సిగ్గుతో చచ్చిపోయింది. ఊరందరికీ హుక్కులు కుట్టే మనిషి! భర్త మీద ఒళ్లు మండింది. తీరా చూస్తే ఆయన గడ్డం వణుకుతోంది. తనకన్నా ఎక్కువ భయపడిపోయి ఉన్నాడు.

డాక్టరు కలం ఆపి, ఆమెవైపే చూసింది.

"అయిదు హుక్కులండి," అంది మస్తాన్ బీ. "అయిదింటికి లేస్తే ఏడు దాటేదాకా ఒక్కటి కూడా పెట్టుకోలేను. మీరు చూస్తారని వేడినీళ్లలో నానబెట్టుకుని, బిళ్ల వేసుకుని వచ్చా. మా అమ్మకీ ఇలాగే మొదలైంది."

డాక్టరు రాసిన మందు కొట్టేసి, రక్తపరీక్షలు రాసింది. వేడినీళ్లూ బిళ్లా లేకుండా ఎల్లుండి పెందలాడే రమ్మంది.

మూడోనాడు తొలి రైలుకు ముందు, మస్తాన్ బీ తనే భర్తను లేపి, అయిదు హుక్కులూ పెట్టమని ఎదురుగా నిలబడింది.