బొమ్మకు చెప్పిన బుద్ధులు

బియ్యం కడిగిన నీళ్లు ఒక బకెట్లో, కూరగాయలు కడిగిన నీళ్లు ఇంకో బకెట్లో పట్టుకుని ఆమని ఇంటి పక్క జాగాలోకి వెళ్లేసరికి ఎనిమిదన్నా కాలేదు, అప్పటికే నేల చెప్పుల్లోంచి చురుక్కుమంటోంది. మేడ్చల్‌లో మే నెల అంటే అంతే మరి. రెండు వందల గజాల ఆ ఖాళీ ప్లాటును భర్త రాఘవేందర్ రేటు వస్తే అమ్ముదామని ఉంచాడు. ఆ రేటు వచ్చేలోగా ఆమని అందులో బీర పాదు, వంగ, కాకర, ఒక మూలన మామిడి మొక్కలు పెట్టేసింది. దాన్ని ఆమె తోట అంటుంది. అత్తగారు నర్సమ్మ "గా గడ్డి" అంటుంది. రాఘవేందర్ ఏమీ అనడు, కొనేవాళ్లను తీసుకొచ్చినప్పుడు మాత్రం బీర పందిరికి అడ్డంగా నిలబడి హద్దులు చూపిస్తాడు.

ఎండాకాలం సెలవులు పిల్లలకే గాని తల్లులకు కావని ఏ బడీ కాగితం మీద రాసి పంపదు. ఏడేళ్ల పూజ, నాలుగేళ్ల అన్వేష్ పొద్దున లేచింది మొదలు "అమ్మా" తప్ప ఇంకో మాట నేర్వనట్టే ఉంటారు. ఆకలి అమ్మా, ఉక్క అమ్మా, వాడు కొట్టిండు అమ్మా. ఇంట్లో మరో ఇద్దరు పెద్దవాళ్లు ఉన్నారన్న సంగతి ఈ పిల్లలకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఒంట్లో బాగోక ఆమని ఒకనాడు నడుం వాలిస్తే, "ఇంట్లనే ఉంటవ్ గదా, నీకేం పరేషాన్" అన్నాడు రాఘవేందర్, ఆ మాట తిడుతున్నట్టు కూడా అనలేదు. నిజంగానే తెలియక అడిగాడు. తిట్టినా బాగుండునని ఆమనికి అనిపించింది.

ఈ ఇంట్లో ఆమె నోరు విప్పి మాట్లాడేది ఆ తోటలోనే, అదీ శోభారాణితోనే. శోభారాణి ఎదురింట్లో కిరాయికి ఉంటుంది. పుట్టిల్లు శామీర్‌పేట, నాయిన చెరువులో చేపలు పట్టి పెంచాడు. పెనిమిటి శివ ఒక నర్సరీకి ట్రాలీ నడుపుతాడు, ఆమె అదే నర్సరీలో మొక్కల సంచులు నింపుతుంది. రెండేళ్ల కింద కరివేపాకు కోసం గేటు దగ్గరకు వచ్చింది, పోతూ పోతూ "అక్కా, గీ వంగకు పేడెరువు ఎక్కువయింది" అని చెప్పి పోయింది. ఆ మాటతో మొదలైంది స్నేహం. మాజీ సర్పంచు ఇంటి గడప కదా, కూలి మనిషికి నర్సమ్మ కాగితం కప్పులో చాయ్ పోసింది. శోభారాణి తాగింది, ఒక్క మాట అనలేదు. మరునాడు ఇంటి నుంచి స్టీలు గ్లాసు చేతబట్టుకుని వచ్చి, "నా గిలాస నేనే తెచ్చుకున్న పెద్దమ్మా, కాయితం కప్పుల చాయ్ సల్లగయితాంది" అంది. నర్సమ్మ మొహం చూడాలి ఆ వేళ.

అసలు సంగతికి వస్తాను. పెళ్లికి ముందు ఆమని తోటల పెంపకంలో రెండేళ్ల డిప్లొమా చేసింది. పోయిన వానాకాలం సరదాకి నలభై మామిడి అంట్లు కట్టింది. కొమ్మను ఏటవాలుగా కోసి, కోతకు కోత అతికించి, గాలి దూరకుండా పట్టీ చుట్టాలి. చెయ్యి వణికిందా, ఆ అంటు ఎండిపోతుంది. నలభైలో ముప్పై ఎనిమిది చిగురించాయి. శోభారాణి నాలుగు తీసుకుపోయి నర్సరీ యజమాని వెంకటేశ్వరరావుకు చూపించింది. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, ఈ చెయ్యి ఎవరిదో ఆమెను రమ్మను, వానలు పడేలోగా అంట్ల పని మొత్తం ఆమె కింద పెడతాను అన్నాడట. పొద్దున పోతే సాయంత్రం నాలుగింటికి ఇంట్లో ఉండవచ్చు. సోమవారం నుంచే.

గురువారం అన్నం వడ్డిస్తూ ఆ మాట రాఘవేందర్‌కు చెప్పింది. "మా నాయిన పదేండ్లు సర్పంచ్ జేసిండు. నా పెండ్లాం ఎవని నర్సరీలనో మట్టి పిసుకుతదా" అన్నాడు. తర్వాత ఆమె చేతుల వంక చూశాడు. ఆ చూపు ఆమెకు ఎరుకే. కొంపల్లిలో అతని వ్యాపార పార్టనర్ గృహప్రవేశానికి పోయినప్పుడు, పదిమందిలో నవ్వుతూనే చెవి దగ్గరకు వంగి, "చేతులు కొంగు కింద పెట్టుకో, గోర్లల్ల మట్టి ఉన్నది" అన్నాడు. ఆ రోజు ఆమె అన్నం కూడా సరిగ్గా తినలేదు, చెయ్యి బయటికి తియ్యాలి కదా. గురువారం మాత్రం అతను గొడవ పెట్టుకోలేదు. కంచంలో చెయ్యి కడుక్కుంటూ, "సరే, పో. పిల్లలకు ఏమన్నయితె నన్నడగకు" అన్నాడు. పొమ్మని అనుమతి ఇచ్చినట్టే ఉంది చూశారా? అలాంటి "పో" తర్వాత ఏ తల్లి గడప దాటుతుంది? ఆమనీ దాటదలుచుకోలేదు. ఆదివారం సాయంత్రం బొమ్మల పెండ్లికి శోభారాణి ఎట్లాగూ వస్తుంది, పెండ్లి అయ్యాక పక్కకు పిలిచి రానని చెప్పేద్దామని నిశ్చయించుకుంది.

బొమ్మల పెండ్లి అంటే ఆ గల్లీలో ఆషామాషీ వ్యవహారం కాదు. సెలవులు ముగిసేలోగా ఏదో ఒక ఇంట జరగాల్సిందే. పాత పట్టుచీర అంచుతో ఆమనే పెండ్లికూతురిని కుట్టింది. పెండ్లికొడుకు శోభారాణి ఇంటి నుంచి వచ్చాడు, అగ్గిపెట్టెంత తలపాగాతో. బీర పాదు కిందే పందిరి. పసుపు బియ్యం, జీలకర్ర బెల్లం, పసుపు దారానికి పసుపు కొమ్ము, అన్నీ అసలువే. అటుకులు, పుట్నాలు, బెల్లం విందు. పూజ తల్లి చున్నీని చీరలా చుట్టుకుని పెండ్లికూతురి తల్లి అయింది. శోభారాణి కూతురు ప్రణీత పెండ్లికొడుకు తల్లి. అన్వేష్ భుజాన తువ్వాలు వేసుకుని పంతులు. వాడికి వచ్చిన మంత్రం "ఓం" ఒక్కటే, రెండుసార్లు ఓం అంటే ఒకసారి పుట్నాలు దక్షిణ ఇవ్వాలి, లేకపోతే లగ్గం ముందుకు కదలనివ్వడు. చుట్టుపక్కల నలుగురైదుగురు పిల్లలు, వాళ్ల తల్లులు. నర్సమ్మకు ప్లాస్టిక్ కుర్చీ వేశారు. రాఘవేందర్ కూడా వచ్చాడు, చుట్టాల గ్రూపులో పెట్టడానికి ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. అందరూ నవ్వుతున్నారు. ఆమని కూడా చాలా రోజుల తర్వాత కడుపారా నవ్వింది.

తలంబ్రాలు అయ్యాయి. ఒప్పగింతలు మొదలయ్యాయి. పూజ బొమ్మ చేతిని పాలలో ముంచి ప్రణీత చేతిలో పెట్టింది. పెండ్లికూతురి తల్లి అప్పుడు బిడ్డకు బుద్ధులు చెప్పాలి, అది ఆచారం. పూజ చున్నీ సర్దుకుంది, గొంతు సవరించుకుంది.

"బిడ్డా, పొద్దుగాల అందరి కంటె ముందుగాల లెవ్వాలె. అందరు తిన్నంక తినాలె. మాడిన రొట్టె నీ పళ్లెంల ఏస్కోవాలె."

తల్లులు పకపకా నవ్వారు. "నోరు సూడుండ్రి పొల్లది" అంది నర్సమ్మ మురిసిపోతూ.

"మీ ఆయన ఫోన్ సూస్తాంటె మాట్లాడొద్దు. ఒక్కపారి అడుగాలె, రెండోపారి అడుగొద్దు. ఫంక్షన్‌కు పోతె చేతులు కొంగు కింద పెట్టుకోవాలె."

ఆమని నవ్వు అక్కడే ఆగింది. ఆ గృహప్రవేశంలో పూజ అన్నం బల్ల కింద బెలూన్‌తో ఆడుకుంటోంది. విన్నదా అది?

పూజ ఇంకా ముగించలేదు. బడిలో ఎక్కం అప్పజెప్పినట్టు, ఎక్కడా తడబడకుండా చెబుతోంది. "ఏడుపొస్తె అందరి ముంగట ఏడ్వొద్దు. బాత్రూముల పోయి, బకెట్ పెట్టి, నల్లా ఫుల్ ఇప్పాలె. అప్పుడు ఏడ్వాలె. ఎవ్వరికి ఇనవడది. ఇగ మొకం కడుక్కొని బయటికొచ్చి, అబ్బ, ఎండ మస్తున్నది అనాలె."

ఒక తల్లి నవ్వబోయి ఆగిపోయింది. ఆమని తనకు తప్ప లోకంలో ఎవరికీ తెలియదనుకున్న సంగతిని ఏడేళ్ల పిల్ల పదిమందిలో బొమ్మకు పాఠంగా చెప్పింది. కూతురి నోరు మూయాలా, తానే ఎక్కడికైనా పారిపోవాలా, ఆమెకు తోచలేదు. అంతలో నర్సమ్మ కుర్చీలో వెనక్కి వాలి, ఇంటి ముచ్చటే కదా అన్నట్టు అంది.

"ఇనవడదని నీకెవలు జెప్పిండ్రే పొల్లా? గంత సేపు నల్లా ఇడిస్తె ట్యాంకు ఖాళీ గాదా? నేను లేసి మోటరేసేది గందుకే గదా. మీ డాడీనే అంటడు, అమ్మా, షురువయింది, మోటరెయ్యి అని."

రాఘవేందర్ ఫోన్ దించకుండానే నవ్వాడు. "ఇప్పుడెందుకే అమ్మా గవన్ని" అన్నాడు. అతని మొహంలో కంగారు లేదు, సిగ్గు లేదు. ట్యాంకు సంగతి మాట్లాడుతున్న మొహమే అది.

షురువయింది. ఆమని ఆ మాట దగ్గరే నిలబడిపోయింది. ఎనిమిదేళ్లుగా ఆ తలుపు వెనక నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. పూజ కడుపులో ఉండగా వాంతులవుతుంటే "మా కాలంల గివన్ని లెవ్వు" అన్నప్పుడు ఏడ్చింది. నాయిన పోయిన పదకొండో రోజుకే తిరిగి రమ్మని కారు పంపినప్పుడు ఏడ్చింది. ఏ కారణమూ లేని రోజుల్లోనూ ఏడ్చింది. ఆమె ఏడుపు మొదలుపెట్టిన కాసేపటికి పెరట్లో మోటారు గుర్రుమని లేచేది. దేవుడు పంపినట్టే లేచేది. ఆ చప్పుడు తోడుగా ఉందని, దాని మాటున ఇంకాస్త గట్టిగా ఏడ్వవచ్చని ఆమె ఆ మోటారుకు మనసులో దండం పెట్టుకునేది కూడా. అంటే ఆ గోడకు అవతల ఇద్దరు మనుషులు కూర్చుని విన్నారు. విని, నీళ్లు ఎన్ని ఉన్నాయో చూసుకున్నారు. ఇన్నేళ్లూ తెలియక కాదు, తెలిసే. ఆమెకు కోపం కూడా వెంటనే రాలేదు.

శోభారాణి పందిరి గుంజ పట్టుకుని నిలబడి ఉంది. "గదేందక్కా" అంది మెల్లగా. "గింత ఎదురుంగ ఉన్న. ఒక్కనాడన్న నాకు జెప్పకపోతివి." తర్వాత నర్సమ్మ వైపు తిరిగింది. "పెద్దమ్మా, ఎరుకే ఉండె గదా. ఒక్కపారి తలుపు కొట్టి, ఏమయింది బిడ్డా అని అడుగకపోతిరి."

నర్సమ్మకు ఆ ప్రశ్న నిజంగానే వింతగా తోచింది. "అడిగితె చెప్తది గద" అంది. "చెప్తె ఇనాలె."

పంతులు ఒక్కడే పుట్నాలు నములుతున్నాడు.

ఆ రెండు మాటలు ఎంత సూటిగా, ఎంత నిజాయితీగా చెప్పిందో ఆ ముసలామె. ఆమని లోపల ఇన్నాళ్లూ ఒక చిన్న ఆశ ఉండేది, తెలియదు కాబట్టి ఊరుకున్నారని. తెలిస్తే అట్లా ఉండరని. ఆ ఆశ మీదే గురువారం "సరే, పో" అన్న మాటకు తల వంచింది. అది ఇప్పుడు తెగింది. ఇక పోగొట్టుకోవడానికి ఈ ఇంట్లో ఏం మిగిలిందని చూస్తే, ఎదురుగా చున్నీ చీర కట్టుకున్న పూజ కనిపించింది. ఆ పిల్ల మొహంలో దిగులు లేదు. పాఠం తప్పు లేకుండా అప్పజెప్పానన్న సంబరం ఉంది. ఆమనికి అసలైన భయం అప్పుడు వేసింది.

"శోభా, రేపు శివ ట్రాలీ ఎన్నింటికి పోతది?" అంది.

"ఎనిమిదిన్నరకక్కా."

"నేను గూడ వస్తున్న."

ఫోన్ అప్పుడు దిగింది. "ఏంది? మొన్న మాట్లాడుకున్నం గదా" అన్నాడు రాఘవేందర్. "పిల్లలను ఎవలు సూస్తరు?"

"ఇంట్ల ఇద్దరు పెద్దోళ్లుంటరు" అంది ఆమని. "గోడ అవతల నల్లా సప్పుడు ఇని ట్యాంకుల నీళ్లెన్ని ఉన్నయో చెప్పేటోళ్లకు, కండ్ల ముందట పిల్లలు ఏం జేస్తున్నరో తెల్వకుంటదా?"

అతను నలుగురి వైపు చూశాడు. నలుగురూ అతని వైపే చూస్తున్నారు. ఇంటికి పోయాక మాట్లాడుకుందామన్నట్టు చెయ్యి ఊపాడు గాని, పక్క ఇల్లే కదా, ఎక్కడికి పోతాడు. నర్సమ్మ మోకాళ్లు పట్టుకుని, "నాతోని అయితదా ఇగ" అని గొణిగింది.

పెండ్లికూతురి తల్లి వచ్చి ఆమని కొంగు లాగింది. "అమ్మా, నువ్వు రేపటి సంది పనికి పోతవా?"

"పోత బిడ్డా."

పూజ ఆలోచించింది. వేళ్లు ముడుస్తూ లెక్క పెట్టుకుంది. "వంట నాయినమ్మ చేస్తది. తమ్మునికి తానం నేను పోస్త. చెట్లకు నీళ్లు డాడీ పోస్తడు." ఇంకో వేలు మిగిలింది. ఆ వేలును పట్టుకుని, ఇంటి పనుల్లో ఒకదాని గురించి అడిగినట్టే, తల ఎత్తి అడిగింది.

"మరి బాత్రూముల ఏడ్సుడు? గది గూడ నేనే చెయ్యాల్నా?"

ఆమని మట్టిలోనే మోకాళ్ల మీద కూలబడి ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దు బిడ్డా" అంది. "గా పని ఇయ్యాల్టి సంది మనింట్ల బంద్."