డెబ్బై రెండు వేల డెబ్బై రెండు

వాన వెలిసింది. చూరు నుంచి చినుకులు జారుతున్నాయి.

టప్... టప్... ఒక్కొక్కటి ఒక్కో చోట, ఒక్కో వేళకి.

గడియారాల దుకాణం నడుమ, బల్ల మీద ఐదు ఇత్తడి చక్రాలు. ఏడు పళ్లది. ఎనిమిది. తొమ్మిది. పదకొండు. పదమూడు. సెకనుకో పన్ను కదులుతాయి. చుట్టు పూర్తయిన చక్రం తన గంట తాను కొడుతుంది.

ఐదూ ఒక్కసారిగా మోగే క్షణం ఉందన్నారు, వాటిని చేసిన పెద్దమామయ్య. అని, కన్నుమూశారు.

ఇన్నేళ్లలో ఎవరూ వినలేదు. ఆయన మాట నీటిమూట అయింది.

"ఊరంతా అన్నయ్యను చూసి నవ్వింది చాలు. ఆ పదమూడు తీసేసి పన్నెండు పళ్లది పెడతా. పన్నెండు కలుపుగోలుది," అన్నారు మామయ్య.

చిన్న కోడలు చినుకుల్నే చూస్తోంది.

ఏడుకీ పదకొండుకీ చుట్టరికం లేదు. ఎనిమిదీ తొమ్మిదీ ఇరుగూ పొరుగూ — అయినా పొత్తు లేదు. పదమూడు సరేసరి, ఎవరి గడపా తొక్కదు. ఇలాంటి వాళ్లంతా ఒక్కచోట చేరాలంటే ఒకటే దారి. అందరినీ హెచ్చవేయాలి.

ఎనిమిది తొమ్ముదులు డెబ్బై రెండు. ఏడూ పదకొండూ పదమూడూ హెచ్చవేస్తే వెయ్యిన్నొకటి. ఆ రెంటినీ గుణిస్తే...

డెబ్బై రెండు వేల డెబ్బై రెండు.

పలికితే తనకు తానే ప్రతిధ్వని! ఐదుగురిలో ఎవరు భాగించినా శేషం లేదు. అంతకు చిన్నదేదీ ఐదుగురికీ అందదు.

అన్ని సెకన్లంటే — ఇరవై గంటలు, ఆ పైన డెబ్బై రెండు సెకన్లు.

రోజూ దుకాణం కట్టేసేటప్పుడు మామయ్య చక్రాలు ఆపుతారు. తుడుస్తారు. బయలుదేరిన గీతకే తెచ్చి నిలబెడతారు. అన్నయ్య వస్తువు కదా, అంత ప్రేమ.

ఆ ప్రేమే రోజూ కథను మొదటికి తెస్తోంది.

"మామయ్యా, ఈ ఒక్క సాయంత్రం వాటిని ముట్టుకోకండి. ఇరవై గంటలు నడవనివ్వండి."

"మోగకపోతే?"

"స్క్రూడ్రైవర్ నేనే అందిస్తా."

అత్తయ్య నవ్వింది. "నోరు లేని పిల్లనుకున్నాం. ఏకంగా పందెమే కాసింది!"

మధ్యాహ్నం ఒంటిగంటకు కోడలు ఐదింటినీ గీతకు తెచ్చి వదిలింది.

తెల్లారింది. తొమ్మిదైంది. గోడ గడియారాలన్నీ కొట్టాయి. బల్ల మీద ఎనిమిదీ తొమ్మిదీ జంటగా మోగాయి... మిగతా మూడూ పలకలేదు.

"అయిపోయిందమ్మా." మామయ్య చెయ్యి స్క్రూడ్రైవర్ మీదికి వెళ్లింది.

"వేలు అయిపోయాయి మామయ్యా. డెబ్బై రెండు మిగిలింది."

అత్తయ్య బల్ల దగ్గరికి వచ్చింది.

పన్ను తర్వాత పన్ను. పన్ను తర్వాత పన్ను...

ఐదు సుత్తులూ కలిసి లేచాయి.

ఖంగ్!

ఐదు గొంతులు — ఒక్క మాట. అద్దాలు అదిరాయి. వీధిలో ఓ సైకిలు ఆగింది. మామయ్య గుమ్మంలోకి పరిగెత్తారు.

"విన్నారా! మా అన్నయ్య అబద్ధమాడలేదు!"

కోడలి ఒళ్లంతా గంటే. మోత తగ్గేలోపే చక్రాలు విడిపోయాయి, ఎవరి దారిన వారు.

బయట మళ్లీ వాన వెలిసింది. చూరు నుంచి చినుకులు... ఒక్కొక్కటి ఒక్కో వేళకి.

ఇవన్నీ కలిసి పడాలంటే ఎంతో?

ఆమె చెవి ఒగ్గింది.