పట్టు పరీక్ష

అగ్గిపుల్లయ్య శాలువా అంచు నుంచి పోగు లాగి వెలిగించాడు. బట్టల కొట్టులో నలభై ఏళ్ల గుమాస్తా, తల ముగ్గుబుట్టయింది. అసలు పేరు యజమానికే గుర్తు లేదు. కాలిన కాగితం వాసనొస్తే నూలు. వెంట్రుక వాసనొస్తే ఉన్నో, పట్టో. కరిగి పూసకడితే పాలియెస్టర్.

"ఉన్నే కదండీ?" అంది కొనడానికొచ్చినావిడ.

"ఇది గొర్రె మొహం ఎరగదమ్మా," అంటూ నల్లపూస చూపించాడు.

"పోగులు కాదయ్యా, నా బేరాలు తగలబెడుతున్నావ్!" అన్నాడు యజమాని. అగ్గిపుల్లయ్య నవ్వి, పుల్లలు దాచుకునే రేకు డబ్బీ జేబులో వేసుకుని భోజనానికి ఇంటికి నడిచాడు.

ఇంట్లో భార్య చిలకపచ్చ చీర ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పెళ్లయిన కొత్తలో, ఈ విద్య అబ్బకముందు, పట్టేనని నమ్మి అతను కొన్న చీర. కొట్టులో చేరిన ఏడాదికే అతని వేళ్లకు తెలిసిపోయింది, అది చెక్కగుజ్జుతో చేసిన ఆర్టు సిల్కని, కాలిస్తే కాగితం వాసనేనని. అప్పటికే ఆవిడ దాన్ని తెల్లగుడ్డలో చుట్టి ప్రాణంలా దాచుకుంటోంది. ఎలా చెప్తాడు?

"కోడలు ఇది పట్టు కాదంటోందండీ. కాల్చి చూపించండి."

"ఏదో మాటవరసకన్నాను మామయ్యా," అని కోడలు నాలుక కరుచుకుంది.

"ఊరందరి బట్టలూ కాలుస్తారు. నా చీరకొచ్చేసరికి పుల్ల వెలగదా?"

అతను పోగు లాగుతున్నట్టు చీర అంచు తడిమాడు. డబ్బీలోంచి పుల్లతోపాటు మరేదో వేళ్ల సందున తీసి, అంటించాడు. గదంతా వెంట్రుక కాలిన వాసన.

"పట్టే," అన్నాడు.

"చూశావుటే! నా పట్టే నెగ్గింది," అని ఆవిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

భోంచేసి దేవుడి పటం ముందు నిలబడ్డాడు. 'స్వామీ, గుడ్డ విషయంలో ఇన్నేళ్లలో ఆడిన అబద్ధం ఇదొక్కటే. అసలిది అబద్ధమేనా? నువ్వే కాల్చి చూసుకో.'

కాసేపు నడుం వాల్చాడు. మళ్లీ కొట్టుకు వెళ్లే వేళకు ఆవిడ లేపబోతే లేవలేదు.

నెల తర్వాత ఆవిడ అతని చొక్కా మడతపెడుతుంటే జేబులో రేకు డబ్బీ తగిలింది. పుల్లలు ఒళ్లోకి ఒంపింది. డబ్బీని వెలుతురుకు వంచి, అడుగున ఉన్నది చూసింది.

"అమ్మ దొంగా!" అంది నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ.

డబ్బీ అడుగున ఇంకో చిలకపచ్చ పోగు మిగిలి ఉంది, దానికి మెలివేసిన ఒక వెంట్రుకతో. వెంట్రుక ఇంకా నల్లగానే ఉంది.